కడ్డీ వెనక్కి చూసిన చోట

పోయిన వారం మనం అశ్వినిని పామిడి దాటిన బస్సులో వదిలేశాం. సీటు ఖాళీ అయినా కూర్చోకుండా, రాడ్డు పట్టుకుని నిలబడి, గడియకోసారి ఫోను చూసుకుంటోంది పిచ్చిపిల్ల. ఎందుకంత తొందరో మధ్యలో వచ్చి చేరినవాళ్ళకు చెప్పాలి కదా.

అశ్విని ధర్మవరం నేతగాళ్ళ అమ్మాయి. అనంతపురంలో గణితంలో పరిశోధన చేస్తోంది. ఆమె గైడ్ డాక్టర్ దివాకర్. మన ఒంట్లోని ప్రతి కణంలోనూ ఉండే డీఎన్‌ఏను వీళ్ళు ఒక సన్నటి కడ్డీ అనుకుంటారు. వంచితే వంగుతుంది, వదిలితే మళ్ళీ నిటారవుతుంది, మెలి తిప్పితే బిగుసుకుంటుంది. దాన్ని తిప్పుతూ పోతే ఎప్పుడు వంగుతుందో, ఎప్పుడు తన మీద తానే చుట్టుకుంటుందో లెక్క కట్టడం వీళ్ళ పని. అలా తిప్పుతుంటే ఒకానొక చోట కడ్డీ బిగువు ఉన్నట్టుండి ఎగిరి పడుతుందని ఇద్దరూ కలిసి రెండేళ్ళ కిందట పేపర్ అచ్చేశారు. ఆ ఎగరడానికి 'జంప్' అని పేరు కూడా పెట్టారు. మంచి పేరే వచ్చింది. కానీ మొన్న గురువారం అశ్వినికి తెలిసిపోయింది, ఆ జంప్ అనేది లేదని. డీఎన్‌ఏలో లేదు, ఏ కడ్డీలోనూ లేదు. వాళ్ళ లెక్కలో దొర్లిన ఒక పొరపాటులో మాత్రమే ఉంది.

థీసిస్ పోతే పోనీ అనుకునేంత పెద్ద మనసేమీ అశ్వినికి లేదు. బాత్రూములో కుళాయి తిప్పి కడుపారా ఏడ్చింది. అయితే ఆదివారం పూట ఆమెను బస్సెక్కించింది థీసిస్ కాదు, ప్రశాంతి.

ప్రశాంతి సోమందేపల్లె పిల్ల. ఎమ్మెస్సీ రోజుల్లో హాస్టల్లో ఇద్దరిదీ ఒకే గది, ఒకే బకెట్టు. ఇప్పుడు బెంగళూరులో ఒక ల్యాబ్‌లో ఉంది. ఒకే ఒక్క డీఎన్‌ఏ పోగును గాజుపలకకు అతికించి, రెండో కొసకు కంటికి కనపడని పూస తగిలించి, ఆ పూసను అయస్కాంతంతో తిప్పుతూ కూర్చుంటుంది. వెతికేది ఈ జంప్ కోసమే. ఏడాది దాటినా దొరకలేదు. "పేపర్లో ఉన్నది నీకు దొరకలేదంటే నీ చెయ్యే మంచిది కాదు" అని వాళ్ళ మేడం తేల్చేసింది. సోమవారానికల్లా చూపించకపోతే ల్యాబ్ వదిలి వెళ్ళిపొమ్మంది. ఆ సోమవారం రేపే.

జంప్ లేదని దివాకర్ చెబితే ఆ మేడం వింటుంది. అశ్విని చెబితే, స్నేహితురాలిని కాపాడుకోవడానికి చెబుతోందంటుంది. అందుకే ముందు సార్ నోట ఆ మాట రావాలనుకుంది. సార్ ఒప్పుకోకముందే ప్రశాంతికి చెప్పి ఉత్త ఆశ పెట్టడం ఎందుకని ఆమెకూ చెప్పలేదు. ఆ సారేమో, "చీనీ కోత అయిపోనీ, మాట్లాడదాం" అని ఒక మెసేజ్ పెట్టి, ఆపైన ఫోనెత్తడం మానేశాడు. ఆయన చీనీ తోట, అంటే బత్తాయి తోట, యాడికి అనే ఊరి దగ్గర. అశ్విని ఇప్పుడు అక్కడ దిగింది.

ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆటో అతను తోట దాకా రానని రోడ్డు మీదే దించేశాడు. ఎర్రమట్టి దారిలో చున్నీ నెత్తిన వేసుకుని ఆమె నడిచిన తీరు చూస్తే నడక అనలేం, పరుగూ అనలేం. వానలు మొహం చాటేసిన ఏడాది అది. చుట్టూ చేలన్నీ బోసిగా ఉన్నాయి. ఆ ఒక్క తోట మాత్రం బోరు పుణ్యమా అని పచ్చగా ఉంది.

దివాకర్ లుంగీ ఎగగట్టి, నెత్తికి తువ్వాలు చుట్టి, చీనీ చెట్ల నడుమ డ్రిప్ పైపులు మారుస్తున్నాడు. ఉడతలు కొరికిన పాత పైపులు గట్టు మీద పడున్నాయి. పక్కన కొత్త పైపు చుట్ట ఉంది. యూనివర్సిటీలో ఇస్త్రీ చొక్కా నలగనివ్వని మనిషి ఈయనేనా అనిపించేలా ఉన్నాడు.

"ఏమ్మా అశ్వినీ! ఇంత ఎండలో ఈడికొచ్చినావేంది?"

"మీరు ఫోనెత్తల్యా సార్."

"తోటలో ఉండా కదమ్మా. ఈడ సిగ్నలే ఉండదు."

సరిగ్గా అప్పుడే ఆయన చొక్కా జేబులో ఫోను మోగింది. ఎవరో చీనీకాయల వ్యాపారి. దివాకర్ రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసి, అశ్విని మొహం చూడకుండా పైపు వైపు తిరిగాడు.

షెడ్డు నీడలో మంచం మీద కూర్చున్న ఆయన తల్లి రామసుబ్బమ్మ కేకేసింది. "ఎవరప్పా ఆ పాప?"

"నా దగ్గర చదువుకుంటాదిమా."

"చదువుకునే పిల్ల మొగం అట్లుంటాదా? ఏమన్నా తిన్న్యావా పాపా? ఉగ్గాని ఉండాది, రా."

"తినే వచ్చినానవ్వా" అని అబద్ధం చెప్పి, అశ్విని గైడ్ వెనకాలే రెండు చెట్లు నడిచింది. ఆయన ఆగితే ఆమె ఆగింది. ఆయన వంగితే ఆమె పక్కన నిలబడింది. ఆఖరికి దివాకర్‌కే విసుగు పుట్టింది.

"ఏంది చెప్పు. ఆ జంప్ సంగతే కదా? పేపర్ వచ్చి రెండేండ్లాయ. అచ్చుకు ముందు రెఫరీలు చూసినారు. దేశం మీద ఎంతమంది చదివినారు. వాళ్ళందరికీ కనపడని తప్పు నీ ఒక్కదానికి కనపడిందా?"

"వాళ్ళు గూడా మన మాదిరే చూసినారు సార్. ఆ సూత్రం మీద ఎవరికీ అనుమానం రాల్యా. నాకూ రాల్యా."

"ఏ సూత్రం?"

"చుట్ట లెక్క కట్టేది. పొట్టి సూత్రం."

దివాకర్ చేతిలోని కత్తెర ఆగింది. అది అశ్విని చూసింది. తెలిసే తప్పించుకు తిరుగుతున్నాడా, లేక ఇప్పుడే తట్టిందా అన్నది మాత్రం తెలియలేదు.

విషయం ఇది. కడ్డీ రెండు కొసలూ బిగించేశాక దానిలో ఉన్న తిప్పుళ్ళ మొత్తం మారదు. ఆ మొత్తంలో కొంత కడ్డీ ఒంట్లో మెలిగా ఉంటుంది. మిగతాది కడ్డీ తన మీద తాను చుట్టుకున్న చుట్టగా ఉంటుంది. మెలి తగ్గితే చుట్ట పెరుగుతుంది, చుట్ట తగ్గితే మెలి పెరుగుతుంది, రెండూ కలిపితే ఎప్పుడూ అంతే. చుట్టను లెక్క కట్టడానికి ఒక పొడుగు దారి ఉంది. కడ్డీలోని ప్రతి ముక్కనూ మిగతా ప్రతి ముక్కతో జతచేసి చూడాలి, కంప్యూటర్ కూడా మూలుగుతుంది. ఒక పొట్టి సూత్రం కూడా ఉంది. చిటికెలో అయిపోతుంది. కానీ దానికి ఒక షరతు ఉంది. కడ్డీ ఎక్కడా పూర్తిగా వెనక్కి తిరిగి చూడకూడదు. బయల్దేరిన దిక్కుకు సరిగ్గా ఎదురు దిక్కుగా ఒక్క ముక్క తిరిగినా చాలు, ఆ సూత్రం రెండు తిప్పుళ్ళను మింగేస్తుంది.

దివాకర్ తన చదువు రోజుల్లో కొద్దిగా వంగే కడ్డీల మీద పనిచేశాడు. అవి వెనక్కి చూసే ప్రశ్నే లేదు. అందుకని క్లాసులో ఆ సూత్రం రాసినప్పుడల్లా షరతు రాయకుండా వదిలేసి, "మన కడ్డీలు మర్యాదస్తులు, వెనక్కి తిరిగి చూడవు" అని నవ్వించేవాడు. ప్రతి బ్యాచ్‌కూ అదే జోకు. ప్రతి బ్యాచూ నవ్వి, షరతు లేని సూత్రాన్ని నేర్చుకుని వెళ్ళింది. అశ్విని ప్రోగ్రాం రాసినప్పుడూ అదే పెట్టింది. కానీ డీఎన్‌ఏ మర్యాదస్తుల కడ్డీ కాదు. చుట్టుకోవడం మొదలుపెట్టిందంటే వెనక్కీ చూస్తుంది, పక్కకీ చూస్తుంది.

"కడ్డీ వెనక్కి తిరిగిన చోట మన సూత్రం రెండు తిప్పుళ్ళు తక్కువ చూపిస్తాది సార్. మొత్తం మారకూడదని మనమే చెప్పినాం కదా, కంప్యూటర్ ఆ రెండూ తీసకపోయి మెలి మీద వేస్తాది. బిగువు ఎగిరిపోతాది. అదే మన జంప్. పొడుగు దారిలో మళ్ళా చేసినా. గీత నున్నగా పోతాంది. ఏమీ లేదు ఆడ."

"పొడుగు లెక్కలో తప్పు ఉండకూడదా?"

"ఉండొచ్చు. మూడు రోజులుగా అదే వెతుకుతాండా. ఉంటే బాగుండని నాకు మాత్రం లేదా సార్?"

చివరి మాటకు చున్నీతో కళ్ళు తుడుచుకుంది. దివాకర్‌కు ఏడ్చేవాళ్ళను చూస్తే కంగారు. ఆ కంగారులో ఆయనకు కోపం వస్తుంది.

"ఇప్పుడు నన్నేం చేయమంటావు? తప్పు రాసినామని ఊరంతా దండోరా వేయమంటావా? నీ థీసిస్‌లో సగం పోతాది, తెలుసునా?"

"తెలుసు. ప్రశాంతికి ల్యాబే పోతాది. రేపే. లేనిదాన్ని చూపించలేదని పంపించేస్తాండారు సార్ ఆ పిల్లను! మీరు ఒక్క మాట చెబితే ఉంటాది."

దివాకర్ మళ్ళీ పైపు మీదకు వంగాడు. అశ్విని అటూ ఇటూ చూసింది. లాప్‌టాప్ తీసి గీతలు చూపిస్తే ఆయన గీతల మీద గీతలు అడుగుతాడు, సాయంత్రమైపోతుంది. కొత్త పైపు చుట్ట కనపడింది. నల్లటి పైపు మీద కొస నుంచి కొసకు నీలం చార ఉంది.

ఆమె కత్తెర లాక్కున్నంత పని చేసి, పొడుగ్గా ఒక ముక్క కోసింది.

"పట్టుకోండి సార్, ఆ కొస. గట్టిగా. చేతిలో తిరగకూడదు."

"పైపు ఎందుకు కోసినావమ్మా!"

"పట్టుకోండి."

ఈ అమ్మాయి తనతో ఈ గొంతుతో ఎప్పుడూ మాట్లాడలేదు. దివాకర్ పట్టుకున్నాడు. అశ్విని రెండో కొసను తిప్పింది. నీలం చార పైపు చుట్టూ పాకుతూ వెళ్ళింది. అరచేతులు మండేదాకా తిప్పి, కొసను గుప్పిట్లో బిగించి, ఆయన వైపు మెల్లగా ఒక్కో అడుగూ వేసింది. పైపు వణికింది, నడుమ వంగింది, వంగి ఒక ఉచ్చు వేసింది. ఉచ్చు పెరిగి, తనలో తాను పేనుకోవడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు చూడండి. నడిమధ్యన ముక్క మీ దిక్కు నుంచి నా దిక్కుకు తిరుగుతాంది. మన పేపర్ ప్రకారం అది పూర్తిగా తిరిగినప్పుడు మీ చెయ్యి గుంజుకుపోవల్ల. రెండు తిప్పుళ్ళ బిగువు ఒక్కసారే వచ్చి పడవల్ల. వస్తాంది... వస్తాంది... తిరిగింది. అదిరిందా సార్ చెయ్యి?"

దివాకర్ కొసను ఇంకా బిగించి పట్టుకున్నాడు. "వెనక్కి పో" అన్నాడు. ఆమె వెనక్కి నడిచింది. "మళ్ళా రా." వచ్చింది. ఉచ్చు మళ్ళీ పడింది, మళ్ళీ నున్నగా దాటిపోయింది. "ఇంకో వైపు తిప్పు." తిప్పింది. చేతులు మార్చమన్నాడు, మార్చుకుంది. కళ్ళు మూసుకుని, చేతి మీదే ధ్యాస పెట్టి నిలబడ్డాడు. పైపు ఆయన చేతిలో సాధువు మాదిరి ఉండిపోయింది.

"ఏమప్పా దివాకరా, ఎండలో ఇద్దరూ పైపు పట్టుకోని ఏం ఆట ఆడుతాండారు?" అని రామసుబ్బమ్మ నవ్వింది.

దివాకర్ కొస వదిలేశాడు. పైపు గిరగిరా తిరిగి మెలి విప్పుకుని మట్టిలో పడింది. ఆయన గట్టు మీద కూర్చుని నెత్తి మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు.

"గురువారం నీ మెసేజ్ చూసినప్పుడే గుండె జారిందమ్మా నాకు" అన్నాడు. "షరతు గుర్తొచ్చింది. లెక్క చేసి చూస్తే తెలిసిపోతాదని చేయల్యా. తోటలో వచ్చి పడినా. ఆ జోకు ఎంతమందికి చెప్పినానో. మా గురువు షరతు రెండుసార్లు రాయించినాడు నాతో. నేనేమో జోకు చేసి పారేసినా."

ఈ మనిషి మీద మూడు రోజులుగా పెంచుకున్న కోపమంతా అశ్వినికి ఎటు పోయిందో తెలియలేదు. తన గైడ్ ఇంత చిన్నగా ఎప్పుడూ కనపడలేదు. జాలేసింది. జాలి పడుతూ నిలబడటానికి మాత్రం వేళ లేదు.

"వాళ్ళ మేడానికి ఫోన్ చేయండి సార్."

"చేస్తా."

"ఇప్పుడే."

"ఇప్పుడే చేస్తానన్న్యా కదమ్మా! నంబరు ఉండాది నా దగ్గర." ఆయన లేచి లుంగీ దులుపుకున్నాడు. "మేడానికి నేను చెప్తా. తప్పు నాదే అని, నీది గాదని, ఆ పిల్లది అసలే గాదని చెప్తా. నువ్వు ముందు ఆ పిల్లకు చెప్పు పో. ఎంత ఏడుస్తాందో ఏమో."

ఈ ఒక్క మాట కోసం గురువారం నుంచి తిండీ నిద్రా మానింది అశ్విని. విన్న వెంటనే చీనీ చెట్టు కొమ్మ పట్టుకుంది. ముల్లు గుచ్చుకుంది, అదీ తెలియలేదు. షెడ్డు పక్కకు వెళ్ళి ప్రశాంతికి ఫోన్ చేసింది. అవతల చెట్ల నడుమ దివాకర్ కళ్ళద్దాలు పైకి నెట్టి నంబరు వెతుక్కుంటున్నాడు.

మొదటి రింగుకే ఎత్తింది ప్రశాంతి.

"అశ్వినీ! నేనే చేద్దామనుకుంటాండా. కనపడిందే!"

"ఏం కనపడింది?"

"జంప్! మీ జంప్! పొద్దున మేడానికి పంపించినా. మేడం ఫోన్ చేసి, సారీ ప్రశాంతీ, నీ చెయ్యి మంచిదే అన్నాది. నన్ను పంపించరంట. ఉండావా, మాట్లాడవేంది? సంతోషంగా లేదా నీకు?"

అశ్విని ఫోను చెవికి గట్టిగా అదుముకుంది.

"యాడ కనపడింది?"

"మీ పేపర్లో చెప్పిన చోటే. వెంట్రుకవాసి గూడా తేడా లేదు."

ఆ పూస నీళ్ళలో ఉంటుంది. నీటి కదలికకు అది క్షణం నిలవదు, ఎప్పుడూ అల్లాడుతూనే ఉంటుంది. ఒకసారి వచ్చిన కొలత మరోసారి అచ్చంగా రాదని అశ్వినికి చెప్పింది ప్రశాంతే. అలాంటి చోట వెంట్రుకవాసి తేడా లేకుండా, అసలు లేనే లేనిది కనపడిందంటే...

"ప్రశాంతీ" అంది అశ్విని. "అది చూసినావా? లేక ఆ గీత నువ్వే గీసినావా?"

అవతల తలుపు మూసిన చప్పుడైంది. తర్వాత ప్రశాంతి గొంతు వచ్చింది. ఇందాకటి ఉత్సాహం అందులో లేదు.

"ఉండేదే కదే అది! మీ సార్ లెక్క కట్టినాడు, నువ్వు లెక్క కట్టినావు. ఉండాది, నా చేతికి దొరకల్యా, అంతే. ఉండేదాన్నే గీసినా. నిజాన్ని గీస్తే అబద్ధమెట్లయితాది? మా నాయనకు ఫోన్ చేసి వచ్చేస్తాండా అని చెప్పలేకపోయినా అశ్వినీ. ఎవరితో అనద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా."

నీ మీద నమ్మకంతో చేశానే అని ఒక్క మాట విడిగా అనలేదు ప్రశాంతి. అనకపోయినా అదే వినపడింది అశ్వినికి. గురువారమే చెప్పి ఉంటే! సార్ ఒప్పుకోకపోతే ఏం, ఒక్క మెసేజ్, 'అది లేదే, వెతకొద్దు' అని ఒక్క మెసేజ్ పెట్టి ఉంటే ఈ పిల్ల ఈ పని చేసేదా? షెడ్డు గోడకు చెయ్యి ఆనించి నిలబడింది.

చెట్ల నడుమ నుంచి దివాకర్ గొంతు వినపడింది. క్లాసులో మాట్లాడే గొంతు, స్పష్టంగా, గట్టిగా.

"నమస్తే మేడం. అనంతపురం నుంచి దివాకర్‌ని. ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నాను. మీకొక విషయం చెప్పాలి. మా పేపర్లో ఆ జంప్ ఉంది చూడండి..."

"అశ్వినీ, ఉండావా?" అంటోంది చెవిలో ప్రశాంతి. "చెప్పనని ఒట్టెయ్యి."

జంప్ లేదని ఆ మేడం వింటే, పొద్దున వచ్చిన గీత దొంగదని ఆ క్షణమే తేలిపోతుంది. అశ్విని పరుగెత్తింది. చున్నీ కొమ్మకు తగులుకుని చిరిగినా ఆగలేదు. ఏ మాట ఆయన చేత చెప్పించాలని పొద్దున్నుంచి ఎండలో పడి వచ్చిందో, ఆ మాట ఆయన నోటి నుంచి బయటికి రాకముందే వెళ్ళి, రెండు చేతులతో ఆ ఫోనును మూసేసింది.